ఇంటి ఫోను నంబరు: పిల్లలకు నేర్పవలసిన మొదటి పాఠము

కాజీపేట నుండి సికిందరాబాదునకు పోవు రైలు మార్గమున స్టేషన్ ఘన్‌పూర్ కలదు. ఆ ఊరి పేరునకు ముందు 'స్టేషన్' అను మాట ఊరక చేరలేదు. తెలంగాణమున ఘన్‌పూర్ అను పేరు ఒక్క ఊరికే చెందినది కాదు. భూపాలపల్లి జిల్లాలో కాకతీయుల నాటి కోటగుళ్ళు గల గణపురమును ములుగు ఘన్‌పూర్ అని పెద్దలు పిలిచెదరు. వనపర్తి జిల్లాలో కొండ మీద కోట గల ఖిల్లా ఘనపురము మరియొకటి. రైలు స్టేషను గల ఘన్‌పూర్ గనుక దీనికి స్టేషన్ ఘన్‌పూర్ అను పేరు నిలిచినది. పెద్దలకు ఈ భేదము తెలియును. నాలుగేండ్ల బిడ్డకు తెలియునా?

ఒక్క క్షణము ఊహింపుడు. సికిందరాబాదు స్టేషనులో పండుగనాటి రద్దీ. తల్లి చేతిలోని మూటను సవరించుకొనునంతలో బిడ్డ చేయి జారిపోయినది. జనప్రవాహము బిడ్డను ఒక ప్రక్కకు, తల్లిని మరియొక ప్రక్కకు నెట్టినది. ఏడ్చుచున్న బిడ్డను ఒక ముసలమ్మ దగ్గరకు తీసికొని అడుగును.

"మీదేవూరు బిడ్డా?"

"గన్‌పూరు."

"మీ బాపు పేరేంది?"

"బాపే."

"మీ అమ్మ పేరేంది?"

"అమ్మనే."

బిడ్డ అబద్ధమాడలేదు. తనకు తెలిసినదంతయు చెప్పినాడు. ఐనను ఆ మాటలతో ఇల్లు దొరకదు. ఏ ఘన్‌పూర్? ఏ జిల్లా? ఇంటిలో తాతను అడిగిన వరంగల్లు జిల్లా యనును. బడి పుస్తకమున జనగామ జిల్లా యని యుండును. 2016 అక్టోబరు 11వ తేదీన క్రొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు స్టేషన్ ఘన్‌పూర్ జనగామ జిల్లాలో చేరినది. ఊరి పేరు నలుగురికి ఉమ్మడి, జిల్లా పేరు మారినది. కాని ఆ తల్లి చేతిలోని ఫోను నంబరు దేశమునందంతటను ఆమెది ఒక్కతెదే. ఆ పది అంకెలు బిడ్డ నోట పలికినచో, ముసలమ్మ తన కొంగున దాచిన ఫోను తీసి నొక్కినచో, నిమిషములో తల్లి గొంతు వినబడును. ఈ వ్యాసమున మేము చెప్పదలచినది ఇంతమాత్రమే: ఊరి పేరు నేర్పుడు, తలిదండ్రుల పేర్లు నేర్పుడు, వానితోపాటు ఇంటి ఫోను నంబరును తప్పక కంఠస్థము చేయింపుడు.

ఇరువది యైదేండ్ల ఎడబాటు

పిల్లల నోట ఊరి పేరు ఎట్లు మారిపోవునో తెలుపుటకు లోకప్రసిద్ధమైన ఒక ఉదంతము కలదు. మధ్యప్రదేశమున ఖండ్వా పట్టణములో గణేశ్ తలాయి అను పేట యున్నది. అచట నొక పేద ఇంటి బాలుడు, సుమారు ఐదేండ్ల వాడు, 1986 ప్రాంతమున అన్నతో కూడ బుర్హాన్‌పూర్ స్టేషనుకు పోయెను. అన్న ఎంతకును తిరిగి రాలేదు. పిల్లవాడు ఆగియున్న రైలెక్కి నిద్రపోయెను. మేలుకొనునప్పటికి బండి సాగిపోవుచుండెను. అది కలకత్తాకు చేరెను. ఆ మహానగరమున అతడు తన పేటను సరిగా పలుకలేకపోయెను. తాను దిగిన స్టేషను పేరును కూడ మార్చి పలికెను. తన పేరు షేరు అనుట కూడ వినువారికి సరూ అని వినబడెను. ఎవరును అతని ఊరిని పోల్చలేకపోయిరి. తుదకు అనాథాశ్రమము ద్వారా ఆస్ట్రేలియాలోని టాస్మేనియాకు చెందిన బ్రయర్లీ దంపతులు అతనిని దత్తు చేసికొనిరి.

సరూ బ్రయర్లీ పెరిగి పెద్దవాడైన పిమ్మట, ఉపగ్రహ చిత్రములలో రైలు మార్గముల వెంట వెదకి వెదకి, 2011లో తన ఊరిని గుర్తించెను. 2012లో కన్నతల్లిని కలిసికొనెను. నడుమ ఇరువది యైదేండ్లు గడిచిపోయినవి. ఆయన వ్రాసిన ఆత్మకథ 2013లో వెలువడెను. దాని ఆధారముగా 2016లో ఒక చలనచిత్రము కూడ వచ్చినది.

ఆనాడు ఆ తల్లి ఇంట ఫోను లేదు. నేర్పవలెనన్నను నేర్పుటకు నంబరు లేదు. నేడు మన గ్రామములలో పూరి ఇంటను కూడ ఒక చేతి ఫోను ఉండుట సామాన్యమైనది. ఆ తల్లికి లేని సాధనము మనకు కలదు. దానిని బిడ్డ జ్ఞాపకములోనికి ఎక్కించు పనియే మిగిలియున్నది.

స్టేషన్ ఘన్‌పూర్ వంటి ఊళ్ళకు ఈ విషయము మరింత అవసరము. మన గుమ్మము నుండియే రైలు మార్గము సాగుచున్నది. కాజీపేట జంక్షను వద్ద అది రెండు పాయలగును: ఒకటి బల్లార్షా, నాగపూరుల మీదుగా ఉత్తరదేశమునకు, రెండవది వరంగల్లు మీదుగా విజయవాడకు. పొరపాటున ఎక్కిన బండి ఒక రాత్రిలో బిడ్డను తెలుగు వినబడని చోటికి చేర్చగలదు. రైలు మాట యటుంచుడు. రెండేండ్లకొకసారి మేడారమున జరుగు సమ్మక్క సారలమ్మ జాతరకును, సంక్రాంతి దినములలో ఐనవోలు మల్లన్న జాతరకును పిల్లాపాపలతో పోవుట మన ప్రాంతపు వాడుక. అంత జనములో చేయి విడిపోవుటకు రెప్పపాటు చాలును.

మనమే మరచిన విద్య

పిల్లలకు నేర్పుటకు ముందు పెద్దలు తమ్ము తాము పరీక్షించుకొనవలెను. ఫోను మూసిపెట్టి, మీ ఇంటివారి నంబరు చెప్పుడు. చాలమంది తడబడుదురు. ఎస్టీడీ బూతుల కాలమున పదేసి నంబరులు నోటికి వచ్చినవారు సైతము నేడు పేరు చూచి నొక్కుటయే గాని అంకెలు చూచుట లేదు. ఫోను జ్ఞాపకముంచుకొనునను ధైర్యమున మన జ్ఞాపకమునకు పని తప్పినది. కాని తప్పిపోయిన బిడ్డ చేతిలో మన ఫోను ఉండదు. పరుల ఫోనులో మన పేరుండదు. అచట పనికివచ్చునది నోటికి వచ్చిన నంబరొక్కటియే.

ఏ నంబరు నేర్పవలెను?

ఇంటిలో మూడు నాలుగు ఫోనులున్నచో ఒక్కటి మాత్రమే ఎన్నుకొనవలెను. రెండు నంబరులు ఒకేసారి నేర్పినచో అవి కలగాపులగమై రెండును చెడును. ఎన్నుకొనునప్పుడు మూడు విషయములు గమనింపవలెను.

మొదటిది, ఆ నంబరు మారనిదై యుండవలెను. తక్కువ ధర పథకము కొరకు సిమ్ము మార్చునప్పుడల్ల నంబరు మార్చుకొనుట కొందరి అలవాటు. అట్లు చేయ పనిలేదు. 2011 జనవరి నుండి దేశమంతటను నంబరు మార్చకయే కంపెనీ మార్చుకొను వీలు కలదు. అంతేగాక చాలకాలము రీఛార్జి చేయక వాడని నంబరు రద్దై మరియొకరి పాలగును. బిడ్డ కష్టపడి నేర్చిన నంబరు పరుల ఇంట మ్రోగినచో ఏమి ప్రయోజనము?

రెండవది, పిలిచినప్పుడు పలుకునదై యుండవలెను. తెలియని నంబరు నుండి వచ్చిన పిలుపును తీయని వారు కొందరు కలరు. బిడ్డ బయటనున్నప్పుడు అట్టి నియమము పనికిరాదు. ఆ పిలుపు పరుల ఫోను నుండియే వచ్చునని మరువరాదు.

మూడవది, అది తల్లిదో, తండ్రిదో, బిడ్డ మనసునకు దగ్గరైన వారిదై యుండవలెను. "ఇది అమ్మ నంబరు" అన్నప్పుడు కలుగు మమకారము జ్ఞాపకమునకు గొప్ప ఊత. బ్రతుకుతెరువునకై నగరములకు వలస పోవు కుటుంబములు ఊరిలోనుండు తాతయ్యదో అవ్వదో నంబరును రెండవ పాఠముగా, మొదటిది గట్టిపడిన పిమ్మటనే, నేర్పవచ్చును.

ఎట్లు నేర్పవలెను?

అమెరికా మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు జార్జి మిల్లర్ 1956లో ప్రకటించిన ఒక ప్రసిద్ధ వ్యాసమున, మనుష్యుడు ఒక్కసారి విని తిరిగి చెప్పగల అంశములు సుమారు ఏడని వివరించెను. వానిని చిన్న చిన్న గుంపులుగా కూర్చినచో ఎక్కువ నిలుపుకొనవచ్చునని కూడ తెలిపెను. ఐదేండ్ల బిడ్డకు ఆ శక్తి సుమారు నాలుగు అంకెలు మాత్రమే. మన చేతి ఫోను నంబరునకు పది అంకెలు. కనుక పదియు ఒక్క గుక్కలో చెప్పి, తిరిగి చెప్పుమని గద్దించుట న్యాయము కాదు. బిడ్డ మందుడు కాడు. మనము మోయింపజూచిన బరువే ఎక్కువ.

నంబరును నాలుగు ముక్కలు చేయుడు. ఉదాహరణకు 12540 61378 అను నంబరు తీసికొందము. మన దేశమున చేతి ఫోను నంబరులు 6, 7, 8, 9 అంకెలతోనే మొదలగును గనుక ఇది ఎవరి నంబరును కాదు. దీనిని ఇట్లు విడదీయవచ్చును:

ఒకటి, రెండు;
ఐదు, నాలుగు, సున్న;
ఆరు, ఒకటి;
మూడు, ఏడు, ఎనిమిది.

మొదటి వారము మొదటి ముక్క చాలును. రెండవ వారము రెండవ ముక్క నేర్పి మొదటి దానితో కలుపుడు. ఈ విధమున నెల దినములలో నాలుగు ముక్కలును పూర్తియగును. పెద్దలు ఎక్కములు వల్లె వేయించిన పద్ధతి ఇదియే: నేటి ఎక్కము చెప్పుటకు ముందు నిన్నటిది ఒకసారి అప్పగింపవలెను. స్నానము చేయించునప్పుడు ఒకసారి, అన్నము తినిపించునప్పుడు ఒకసారి, నిద్రపుచ్చునప్పుడు ఒకసారి చెప్పించిన చాలును. ఒకేసారి గంటసేపు కూర్చుండబెట్టుట కంటె దినమునకు మూడు మారులు రెండేసి నిమిషములు చెప్పించుట మేలు.

అంకెల పేర్లను గూర్చి ఒక జాగ్రత్త. మనము నంబరు చెప్పునప్పుడు ఒకసారి "తొమ్మిది" అనియు, మరియొకసారి "నైన్" అనియు, రెండు ఎనిమిదులు వరుసగా వచ్చిన "డబుల్ ఎయిట్" అనియు అందుము. పెద్దలకు ఇది ఒకటే. బిడ్డకు మూడు వేరు వేరు మాటలు. తాను లెక్కించుటకు ఏ భాషలో నేర్చుకొనుచున్నాడో ఆ భాషలోనే మొదట నేర్పుడు. అంకెకు ఒక మాట చొప్పున పది మాటలు, ఎల్లప్పుడును ఒకే తీరున పలికింపుడు. 'డబుల్' అను మాట వలదు. అది గట్టిపడిన పిదప అదే నంబరును ఇంగ్లీషు అంకెలలో కూడ పలికింపవచ్చును. రైలు దూరము పోయినకొలది ఆ అంకెలు తెలిసినవారే ఎక్కువగా దొరకుదురు.

ఆటపాటలతో నేర్పుట మరింత సులువు. వాకిట ముగ్గుపిండితో తొక్కుడుబిళ్ళ గడులు గీసి, నంబరులోని అంకెలను వరుసగా వ్రాసి, బిడ్డ ఒక్కొక్క గడిలోనికి గెంతుచు ఆ అంకెను పలుకునట్లు ఆడింపుడు. చింతగింజలతో అంకెలు పేర్పింపుడు. మరియొక ఉపాయము కలదు: మీరు తొమ్మిది అంకెలు చెప్పి ఆగుడు, కడపటి అంకె బిడ్డ చెప్పవలెను. మరునాడు ఎనిమిది చెప్పి ఆగుడు; మిగిలిన రెండు బిడ్డవి. ఇట్లు వెనుక నుండి ముందునకు వచ్చుచున్నచో, ప్రతి మారును బిడ్డ తానే నంబరు పూర్తి చేసితినను సంతోషము పొందును.

పాటగా వచ్చినంతమాత్రమున చాలదు

మేమెరిగిన ఒక ఇంట ఐదేండ్ల బాలిక తల్లి నంబరును చక్కని రాగమున పాడెడిది. ఇంటిల్లిపాది మురిసిపోయిరి. ఒకనాడు మేము ఫోను చేతికిచ్చి, "అమ్మకు ఫోను చేయుమమ్మా" అంటిమి. బాలిక పాట పాడుచునే యున్నది. వ్రేలు మాత్రము కదలలేదు. నడుమ ఆపి, "నాలుగు తరువాత ఏమి?" అని అడిగితిమి. ఆమె మరల మొదటి నుండి ఎత్తుకొనెను. పాట వచ్చినది గాని నంబరు రాలేదని అప్పుడు తెలిసినది.

కావున కంఠపాఠము మొదటి మెట్టు మాత్రమే. రెండవ మెట్టు, వినువారు వ్రాసికొనుటకు వీలుగా నిదానముగా, ముక్క ముక్కకు ఆగి చెప్పుట. మూడవ మెట్టు, అంకెను చూచి గుర్తించుట. నాలుగవ మెట్టు, పాత ఫోనులోనో, అట్టముక్క మీద గీసిన మీటల మీదనో, తానే వరుసగా నొక్కుట. సాధారణముగా నాలుగైదేండ్ల నడుమ మొదటి రెండు మెట్లును, ఒకటవ తరగతి చదువు నాటికి తక్కిన రెండును సాధింపవచ్చును. పిదప నెలకొకసారి పొరుగింటి వారి ఫోను నుండి నిజముగనే మీకు ఫోను చేయింపుడు. భయపడిన వేళ నిన్న నేర్చినది నిలువదు. పలుమారులు చేసిన పనియే నిలుచును.

ఎవరికి చెప్పవలెను, ఎవరికి చెప్పరాదు?

నంబరు నేర్పిన నాడే ఈ పాఠమును కూడ నేర్పవలెను. నంబరు దారిన పోవు ప్రతివానికి అప్పగించు పద్యము కాదు. తప్పిపోయినప్పుడు మొదట చేయవలసిన పని ఉన్నచోటనే నిలుచుట. తల్లి వెనుకకు వెదకుచు వచ్చు చోటు అదియే. పిమ్మట పోలీసు దుస్తులలోనున్న వారిని గాని, రైలు లేక బస్సు ఉద్యోగిని గాని, అంగడిలో కూర్చున్న వారిని గాని, పిల్లలను వెంటబెట్టుకొన్న తల్లిని గాని సమీపించి, "నేను తప్పిపోయిన, మా అమ్మకు ఫోను చేయుండ్రి" అని నంబరు చెప్పవలెను. "మీ అమ్మ వద్దకు నేనే తీసికొనిపోయెదను, రా" యను వారి వెంట పోరాదు. ఫోను చేయువారు నిలుచున్నచోటనే చేయవచ్చును గదా!

ఇంకను మాటలు రాని పసిపిల్లలకును, మాటాడలేని, వినలేని పిల్లలకును ఈ పాఠము చాలదు. జాతరకో, ప్రయాణమునకో బయలుదేరునాడు చొక్కా లోపలి అంచు మీద గాని, ముంజేతి మీద గాని చెరగని సిరాతో నంబరు వ్రాయుడు. చదువ నేర్చిన బిడ్డ జేబులో కూడ ఒక చీటి యుంచుట తప్పు కాదు. ఐనను చీటి జారిపోవచ్చును, జ్ఞాపకము జారిపోదు.

నంబరు గుర్తురానిచో

భయమున మనసు ఎక్కువ అంకెలు నిలుపుకొనలేదనియే లోకమంతటను సహాయ నంబరులను పొట్టిగా ఏర్పరచినారు. 1937లో లండనులో 999 అను నంబరును, 1968లో అమెరికాలో 911 అను నంబరును మొదలు పెట్టిరి. మన దేశమున అట్టి అత్యవసర నంబరు 112. పిల్లల కొరకు ప్రత్యేకముగా 1098 కలదు. ఇది 1996లో బొంబాయిలో ఆరంభమై దేశమంతటను వ్యాపించినది. రైలులోను, స్టేషనులోను 139కి చెప్పవచ్చును. ఈ పొట్టి నంబరులను కూడ పెద్ద పిల్లలకు నేర్పుడు. కాని అవి అధికారులను పిలుచును. ఇంటి నంబరు అమ్మను పిలుచును. రెండును కావలసినవే.

తప్పిపోయిన బిడ్డ మీకు కనబడినచో ఇంటికి కొనిపోయి ఉంచుకొనరాదు. 2015 నాటి బాలల న్యాయ చట్టము ప్రకారము, ప్రయాణకాలము గాక 24 గంటలలోపల పోలీసులకో, 1098కో, బాలల సంక్షేమ సమితికో తెలుపవలెను. మీ బిడ్డయే కనబడనిచో మరునాటి వరకు వేచియుండ నక్కరలేదు. తప్పిపోయిన బిడ్డను గూర్చిన ఫిర్యాదును తప్పక నమోదు చేయవలెనని సుప్రీంకోర్టు 2013 మే నెలలో ఆదేశించినది. తెలంగాణ పోలీసులు 2018లో 'దర్పణ్' అను ముఖములు పోల్చు సాధనమును కూడ ఏర్పరచినారు. కనుక బిడ్డ ఇటీవలి ఫోటో ఒకటి ఇంట భద్రపరచుకొనుట మంచిది.

ఊరు పూనుకొనవలెను

3 నుండి 6 ఏండ్ల పిల్లలు అంగన్‌వాడీ కేంద్రములకు వచ్చుచున్నారు. అచట టీచరమ్మ ఒక్కొక్క బిడ్డ ఇంటి నంబరును వ్రాసియుంచుకొని, వారమునకొకనాడు ఆటగా అప్పగింప జేయవచ్చును. ఇతరుల చెవిని పడకుండ ఒక్కొక్కరిని దగ్గరకు పిలిచి వినుట మేలు. తలిదండ్రుల సమావేశమున టీచరమ్మ మొదట పెద్దలనే అడుగవలెను: "మీ బిడ్డకు ఏ నంబరు నేర్పుచున్నారు? ఆ సిమ్ము బ్రతికియున్నదా?"

ఇందులకు ఖర్చు లేదు. క్రొత్త పుస్తకము కొనవలసిన పని లేదు. ఈ రాత్రి అన్నము తినిపించునప్పుడు మొదటి రెండు అంకెలతో ఆరంభింపుడు. వచ్చు జాతర నాటికి పదియు పూర్తియగును. నాడు జనములో చేయి జారినను, "మీదేవూరు బిడ్డా?" యని ముసలమ్మ అడిగినప్పుడు, మన బిడ్డ "స్టేషన్ ఘన్‌పూర్" అని చెప్పి, కన్నీరు తుడుచుకొని, నిదానముగా పది అంకెలు చెప్పగలడు. అటుపిమ్మట కావలసినదెల్ల తల్లి ఆ పిలుపును అందుకొనుటయే.